ఇరవై ఆరు క్యూ

జులై ముప్పై.
తాడిపత్రిలో గాలి కూడా తెల్లగానే వీస్తుంది.
కీబోర్డు మీద రాతిపొడి
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ పూత.
ఏ అక్షరం ఎక్కడుందో
నా వేలికి తెలుసు, కంటికి తెలియదు.

రేపటికల్లా ఫారం దాఖలవ్వాలి.
ఏప్రిల్, మే, జూన్: మూడు నెలల కోత.
దాటితే రోజుకు రెండొందలు.
"గవర్నమెంటుకు మనం రూపాయి బాకీ ఉండకూడదు, సువార్తా!"
మా ఓనరు మిద్దె మీద నుంచే అరుస్తాడు.
రెండు నెలల కరెంటు బిల్లు
పేపర్‌వెయిట్ కింద ఊపిరి బిగబట్టి ఉంది.

లోడింగు మేస్త్రి గిడ్డయ్య, సరిపోయింది.
బ్లేడ్లకు పళ్ళు అతికించే సుంకన్న, సరిపోయింది.
లారీల ఖాసీం, పది బండ్లలోపేనని సంతకం పెట్టిచ్చాడు, కోత లేదు
(ఉన్నవి రెండు, ఒకటెప్పుడూ షెడ్డులోనే).
దూదేకుల పెద్ద మౌలాలి, పాలిషింగు,
లక్షా నలభై రెండువేల ఐదొందలు.
అక్కడ ఎర్రగీత.
పాన్ నిద్రపోయింది.
ఆధార్‌తో ముడి పడలేదు కాబట్టి
నూటికి ఒకటి పట్టాల్సిన చోట ఇరవై పట్టాలి.
తేడా ఇరవై ఏడువేల డెబ్బై ఐదు.
రెండుసార్లు లెక్కవేశాను,
తప్పు నాదైతే బాగుండునని.

కబురు పెడితే వచ్చాడు,
చెప్పులు గడప బయటే విడిచి.
"ఇరవై ఆరో క్యూ అంట గదా మేడం, యాడ నిలబడల్ల?"
క్యూ కాదు, ఫారం పేరది అన్నాను.
"క్యూ అయితేనే మేలు.
నిలబడితే ఎప్పుడో ఒగప్పుడు వంతన్నా వస్తాది."

ఆధార్ సెంటర్లో మూడుసార్లు వేళ్ళు పెట్టాడంట.
గాజు మీద ఏమీ పడలేదు.
నిమ్మకాయ రుద్దమన్నారు, రుద్దాడు.
పదిరోజులు పని మానుకో, గీతలు మొలుస్తాయి అన్నాడట పిల్లోడు.
"గీతలు మొలుచ్చాయి, సరే. బియ్యం యాడ మొలుచ్చాయి?"
అడిగింది కాశింబీ, ఆయన భార్య.

చేయి చాపమన్నాను.
పద్దెనిమిదేళ్ళు నల్లరాయిని అద్దం చేసిన చేయి.
రాయి మాత్రం ఊరికే ఉంటుందా?
తనూ రుద్దింది.
బొటనవేలి మీద
మా ఆఫీసు ట్యూబులైటు మెరుస్తోంది.

"ఇందులో నువ్వు కాంట్రాక్టరువి" అని చూపించాను.
వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకెవరైనా వచ్చారేమోనని.
"కాంట్రాక్టరంటే బుల్లెట్టు బండి ఉండల్ల గదా మేడం."

ఓనరు కిందికి దిగి ఉపాయం చెప్పాడు,
ఆ బిల్లులన్నీ గిడ్డయ్య పేరున తోసెయ్యమని.
నా చేయి కదల్లేదు.
ధైర్యం కాదది.
లేని ఆదాయం ఎక్కి రేపు గిడ్డయ్య బియ్యం కార్డు ఆగిపోతే
వాళ్ళమ్మ వచ్చి కూర్చునేది నా గుమ్మంలోనే.

నాలుగు ఫోన్లు చేశాను.
అనంతపురంలో ఒకచోట కన్ను చూసే మిషను ఉందన్నారు.
సగం కూలి వదులుకుని బస్సెక్కాడు మౌలాలి.
చీకటిపడ్డాక ఫోను:
"కన్ను పలికింది మేడం!"
వెనక కండక్టరు ఈలలు.

పలికింది గానీ
పాన్ లేచి కూర్చోవడానికి నెలదాకా పడుతుందంట.
నాకున్నది ఒక్క రోజు.

ముప్పై ఒకటి, సాయంత్రం.
ఒకటే అని నింపాను.
నోటీసు వస్తుంది, నాకు తెలుసు.
జవాబు ఇప్పుడే టైపు చేసి
తారీఖు చోటు ఖాళీగా వదిలాను.
సర్వరు తిరిగి తిరిగి
చివరికి ఒప్పుకుంది.

మౌలాలి పక్కనే నిలబడి ఉన్నాడు.
"నా పేరు యాడ?" అంటూ
స్క్రీను మీది పొడిలో వేలు పెట్టాడు.
గుండ్రటి గుర్తు పడింది, లోపల ఒక్క గీతా లేదు.
తుడవబోయి
గుడ్డ పక్కన పెట్టేశాను.

"మనది ఎన్నో నెంబరు మేడం?"
టోకెన్ చదివి వినిపించాను, పదిహేను అంకెలు.
ఆఖరి అంకెదాకా ఓపిగ్గా విన్నాడు.

"అబ్బో,
శానామంది ఉండారే ముందర."